దిబ్బ మింగిన మాట

రండి బిడ్డలూ, దగ్గరికి జరగండి. వెనకున్నవాళ్లు గోడకు ఆనుకోకండి, సున్నం అంటుతుంది. కూర్చున్నారా? పొద్దున లెక్కల పాఠం మధ్యలో స్వరూప నన్నొక ప్రశ్న అడిగింది. “సారూ, కోపంల అన్న మాట లెక్కకొస్తదా?” అని. నేను మొట్టమొదట పనిచేసిన బొగ్గుబావుల ఊళ్లో జరిగినదొకటి చెబుతాను. తేల్చుకోవడం మీ పని.

ఆ ఊళ్లో బొగ్గుగనిని బాయి అంటారు. బాయిలోకి దిగేవాడు “పోయొస్త” అంటాడు. పైన ఉన్నవాడు “పోయి రా” అంటాడు. ఎంత పగ ఉన్నా, దిగేవాడితో ఒట్టి “పో” అని ఎవరూ అనరు. లోపలికి పోయినవాడు పైకి వచ్చేది ఆ “రా” పట్టుకునే అని వాళ్ల నమ్మకం.

ఆ ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. దాని మేనేజరు రాజేశం సారు. ఆటగాళ్లను ఏరేదీ, ఎవరిని దింపాలో ఎవరిని కూర్చోబెట్టాలో చెప్పేదీ ఆయనే. ఆయన చేతికింద ఆడినవాళ్ల కొడుకులు కూడా ఆయన చేతికిందే ఆడుతున్నారంటే, ఎన్నేళ్లు చేశాడో చూసుకోండి. మైదానం పక్కన, బాయి తవ్విన మట్టి పోసిన దిబ్బ ఉంది. ఊరంతా దానిమీద కూర్చుని ఆట చూసేది. చూసినంతసేపూ ఆయన్ను తిట్టేది. అందరిలోకీ పెద్ద గొంతు పంక్చర్ల షాపు ఓదెలుది.

“సారూ, నీ గోల్‌కీపర్ నిద్రపోతుండు, చాయ్ తాపియ్యి!” అని అరిచేవాడు.

“లేపుతందుకు నువ్వున్నవ్ గదరా ఓదెలూ!” అనేవాడాయన వెనక్కి తిరగకుండానే.

గెలిచినా ఓడినా, ఆట అయ్యాక ఆయన దిబ్బ కిందికి వచ్చి, టోపీ తీసి, “పోయొస్త బిడ్డలారా” అనేవాడు. ఆయనా ఒకప్పుడు బాయి దిగినవాడే. దిబ్బంతా ఒక్క గొంతుతో “పోయి రా సారూ!” అనేది. అప్పుడు గానీ ఎవరూ ఇంటికి కదిలేవారు కాదు.

ఒక ఏడు జట్టుకు ఏదీ కలిసిరాలేదు. ఓడి ఓడి, చివరికి పక్క బాయి వాళ్ల చేతిలో సొంత మైదానంలోనే నాలుగు గోల్స్ తిన్నది. ఆయన ఎప్పటిలాగే వచ్చి, టోపీ తీసి, “పోయొస్త బిడ్డలారా” అన్నాడు.

ఓదెలు లేచి నిలబడ్డాడు. “పో సారూ! పో!”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు పక్కవాడికి అంటుకుంది. కాసేపటికి దిబ్బంతా చప్పట్లు కొడుతూ “పో! పో!” అంటోంది. ఆయన అక్కడే నిలబడ్డాడు. మాటలో మిగతా సగం వస్తుందేమోనని చూస్తున్నట్టు నిలబడ్డాడు. రాలేదు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

వారం తిరగకముందే తెలిసింది, సారు జట్టును వదిలేసి సొంతూరికి పోతున్నాడని. చాయ్ హోటల్లో అదే ముచ్చట.

“గాయన లేని జట్టు ఉప్పు లేని పప్పే,” అన్నాడొకడు.

“మొన్న పో అన్నోనివి నువ్వే గదరా?”

“నేను మెల్లగన్న. నువ్వు చప్పట్లు గుడ కొట్టినవ్.”

ఓదెలు చాయ్ ముట్టలేదు. “కోపంల అన్న. పరాయోన్ని ఎవడన్న అంత గనం తిడ్తడా? ఆయనకు తెల్వదా?” అని అందరి మొహాలూ చూశాడు.

సారు వెళ్లే రోజు బస్టాండులో శాలువాలు, పూలదండలు, డప్పులు. ఓదెలుకు అవేవీ పట్టలేదు. ఆయన నోట ఒక్కసారి “పోయొస్త” వినాలి. వింటే, ఆ రోజు దిబ్బ మింగిన రెండో మాట తను అప్పగించేస్తాడు. అన్నది చెరిగిపోతుంది. బస్సు కదలబోతుండగా వెళ్లి కిటికీ ఊచ పట్టుకున్నాడు.

“సారూ, పోయొస్త అను.”

ఆయన ఓదెలు చేతి మీద చెయ్యి వేశాడు. “మంచిగుండు బిడ్డా. కొత్తాయన్ను గుడ తిట్టుండ్రి, లేకుంటే దిబ్బ సప్పగుంటది.” టోపీ సర్దుకున్నాడు. “పోతున్న ఓదెలూ.”

బస్సు కదిలింది. ఓదెలు వెంట పరుగెత్తాడు. “రా సారూ! పోయి రా! రా!” అని అరుస్తూనే ఉన్నాడు. డప్పులు ఆపమని చెప్పడం మాలో ఎవరికీ తోచలేదు.

తర్వాత కొత్త మేనేజరు వచ్చాడు. మంచివాడే. జట్టు గెలిచింది కూడా. ఆట కాగానే ఆయన తన కారెక్కి వెళ్లిపోతాడు. దిబ్బ మీది జనం మాత్రం వెంటనే లేవరు. కాసేపు ఊరికే కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, అప్పుడు లేస్తారు. ఓదెలు అందరికన్నా చివర.

ఏం స్వరూపా? సారుకు కోపం వచ్చిందా అంటావా? లేదమ్మా. ఏమన్నారో అది విన్నాడు, అంతే.

లేవండి ఇక, పొద్దు గూకింది. ఇళ్లలో అన్నాలు చల్లారుతున్నాయి. పోయి... రండి.