ఎవరూ పడని ఇల్లు

అడవి అంచున, పాడుబడ్డ బెల్లం గానుగ పాకలో నక్క గుర్నాథం ముసలి జంతువుల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. పేరు నిశ్చింత నిలయం. ఎవరికి చింత లేదయ్యా అంటే, గుర్నాథానికి. "ఇక్కడ ఇంతవరకు ఒక్కరూ జారిపడలేదు" అని గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అందరినీ గుంజలకు కట్టేసి ఉంచితే పడేదెవరు?

వాళ్ళలో సూరన్న అనే ముసలి ఎద్దు ఉన్నాడు. వచ్చిన కొత్తలో కాలువ దాకా తనంతట తాను నడిచి నీళ్ళు తాగొచ్చేవాడు. ఇప్పుడు వెనక కాళ్ళు కొయ్యబారుతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఇక ఈ జన్మకు లేవలేనని లోపల ఒకటే భయం.

"ఒక్కసారి పలుపు విప్పు గుర్నాథం. ఎండలో నాలుగడుగులు వేసొస్తాను," అన్నాడు ఓ పొద్దున.

"అమ్మమ్మా, ఎంత మాట! నీ తుంటి విరిగితే నా గుండె పగలదూ?"

"పడితే పడేది నేనేగా."

"పడేది నువ్వే. పోయేది నా పేరు," అని ముడి ఇంకాస్త బిగించి పోయాడు నక్క. అంత శ్రద్ధ!

ఆ ఏడు అడవి సభవారికి హఠాత్తుగా ముసలివాళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మంచి ఆశ్రమానికి ఇత్తడి బిళ్ళ ఇస్తామన్నారు. తనిఖీకి ఎలుగుబంటి పెద్దిరాజును పంపుతున్నామన్నారు. ఆయన ఆ ప్రాంతానికి కొత్త, ఎవరి ముఖమూ ఎరగడు. ఆశ్రమంలో ఉండేవాళ్ళలో ఒకరినైనా "సుఖంగా ఉన్నావా?" అని అడగాలట. గుర్నాథానికి చిక్కంతా అక్కడే వచ్చింది.

"సూరన్నా, ఇక్కడ స్వర్గంలా ఉందని చెప్పవయ్యా," అని బతిమాలాడు.

"స్వర్గం దగ్గర్లోనే ఉందని చెప్తాను," అన్నాడు సూరన్న.

మిగతావాళ్ళూ అంతే. గుర్నాథాన్ని నోరారా పొగడగలిగినవాడు ఆ పాకలో గుర్నాథం ఒక్కడే. అందుకని మీసాలకు బూడిద పూసుకుని, సూరన్న పక్కనున్న నులక మంచం మీద తనే ముసలి నక్కగా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. నిర్వాహకురాలి వేషం మేక పోలమ్మకు ఇచ్చాడు. ఆమె కూడా అక్కడుండే ముసలిదే. మేతా నీళ్ళూ అందించడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి ఆమె మెడలో మాత్రం పలుపు లేదు.

"ఎవరైనా 'నన్ను విప్పండి' అంటే మతి చలించిందని చెప్పు. అదే వాళ్ళ జబ్బు అను. ఒక్క ముక్క ఎక్కువా వద్దు, తక్కువా వద్దు," అని నూరిపోశాడు.

"అలాగే బాబూ," అంది పోలమ్మ.

పెద్దిరాజు వచ్చాడు. గుమ్మం మీది రాత చదివి మురిసిపోయాడు. పలుపులు చూసి, "ఇవెందుకమ్మా?" అన్నాడు.

"పడకుండానండి. విప్పమని గోల చేస్తే మతి చలించినట్టండి. అదే వాళ్ళ జబ్బండి," అని పోలమ్మ అప్పజెప్పింది.

"అయ్యా, నాకు మతి బాగానే ఉంది. కాళ్ళే పోతున్నాయి," అన్నాడు సూరన్న.

"పాపం," అని పెద్దిరాజు జాలిగా తలూపి ముందుకు కదిలాడు. చదువుకున్నవాడు కదా, ఒకసారి విన్నది మళ్ళీ ఆలోచించడు.

"నువ్వు చెప్పు తాతా, సుఖంగా ఉన్నావా?" అని నులక మంచం దగ్గర ఆగాడు.

"సుఖమా? కన్నతల్లి కూడా ఇలా చూడదండి! ఈ ఆశ్రమం పెట్టిన మహానుభావుడి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి," అని నక్క కళ్ళొత్తుకున్నాడు.

పెద్దిరాజు మనసు కరిగిపోయింది. సంచిలోంచి ఇత్తడి బిళ్ళ తీసి, "ఈ గౌరవం నీదే తల్లీ. ఇవాళ్టి నుంచి సభవారి లెక్కలో ఈ ఇంటి యజమానివి నువ్వే," అని పోలమ్మ మెడలో వేశాడు.

అంతే, నక్క ప్రాణం గిలగిల్లాడింది. ఆ బిళ్ళ మేక మెడలోనా! దుప్పటి విసిరేసి మంచం మీంచి ఒక్క గెంతు గెంతాడు.

"అది నాది! నేనే యజమానిని! పోలమ్మా, చెప్పవే!"

పోలమ్మ నెమ్మదిగా గడ్డం ఆడించింది. "నేను చెప్పాల్సిందంతా చెప్పేశానండి. ఎక్కువా వద్దన్నారు, తక్కువా వద్దన్నారు."

పెద్దిరాజు సూరన్న వైపు తిరిగాడు. "ఇతను యజమానా?"

పుట్టి బుద్ధెరిగాక సూరన్న అబద్ధమాడలేదు. ఇప్పుడూ ఆడలేదు. "నన్నడిగితే ఏం లాభమండీ? నాకు మతి చలించిందని ఇందాకే తేల్చారుగా."

"అయ్యో, ఇతగాడికి బాగా ముదిరింది! పడిపోతాడమ్మా, పడిపోతాడు!" అంటూ పెద్దిరాజు తన బరువైన చేత్తో నక్కను మంచానికి అదిమి, నాలుగు కాళ్ళూ తనే కట్టాడు. నక్క ఎంత మొత్తుకుంటే ముడి అంత బిగించాడు. ఒక ప్రాణాన్ని కాపాడానన్న తృప్తితో వెళ్ళిపోయాడు.

పోలమ్మ ఒక్కొక్కరి పలుపే విప్పింది. సూరన్న వణుకుతూ లేచాడు. గుమ్మం దాటాడో లేదో ముందుకు బోర్లా పడ్డాడు. కాసేపటికి తనే లేచి, మోకాళ్ళకంటిన మట్టిని చూసుకుని సంతోషంతో ఏడ్చేశాడు. ఆనక మెల్లగా కాలువ వైపు నడిచాడు.

నీళ్ళు తాగి వచ్చేసరికి నక్క బావురుమంటున్నాడు. "సూరన్నా, కాళ్ళు తిమ్మిరెక్కాయి. నీకు పుణ్యముంటుంది, విప్పవయ్యా!"

"విప్పుతాం. పొద్దు గూకేదాకా ఉండు," అన్నాడు సూరన్న, ఎండలో నిలబడి ఒళ్ళు కాచుకుంటూ. "మళ్ళీ ఎవరైనా తనిఖీకొస్తే, ఇక్కడ ఎలా ఉంటుందో ఈసారి నిజంగా తెలిసి చెబుదువుగాని."

నీతి: ముసలివాళ్ళ క్షేమం ఎలా ఉందో గుమ్మం మీది రాతను కాదు, కట్లు విప్పి వాళ్ళను అడగాలి.