పచ్చికుండల పన్ను

రాజుగారు పన్నుల పద్ధతి మార్చారని దండోరా వేసిన రోజున, డప్పు ఆగేదాకా నిలబడి విన్నది కుమ్మరి గవరమ్మ ఒక్కతే. మిగతా కుమ్మర్లంతా పన్ను అన్న మాట చెవిన పడగానే గుండె జారి ఇళ్ళకు పోయారు.

ఆ వారమే సుంకాధికారి భుజంగరాయుడు పల్లకీలో దిగాడు. "సారె మీంచి దిగిందంటే కుండే! పదింటికొకటి ఇప్పుడే ఇక్కడ పెట్టండి" అని హుంకరించాడు. ఆవంలో కాల్చేటప్పుడు పగిలేవి పగలగా మిగిలేదే సగం. ఇక సారెలు అటకెక్కించాల్సిందేనని కుమ్మర్లు బావురుమన్నారు.

గవరమ్మ మాత్రం "తమరి మాటే ఖాయం బాబుగారూ" అంటూ, తన వంద కుండల లెక్కకు ఇంకా కాల్చని పది పచ్చికుండలు బండికెత్తించింది.

ఆ రోజు అధికారి ఇంట్లో విందు. పట్నం నౌకర్లు ఆ కుండల నిండా నీళ్ళు పోశారు. చుట్టాలు విస్తళ్ళ ముందు కూర్చునేలోగా వసారా అంతా బురదయింది.

మర్నాడు భుజంగరాయుడు కుమ్మరివాడకొచ్చి ఊగిపోయాడు. "కాల్చకుండా అది కుండ ఎలా అవుతుందే?"

"అమ్మకుండా అది సరుకెలా అవుతుంది బాబుగారూ? అమ్ముడైన కుండకే పన్నని దండోరా చివర్న చెప్పారు. వీళ్ళు వినలేదు గానీ నేను విన్నాను."

వాడంతా గొల్లున నవ్వింది. అధికారి పల్లకీ ఎక్కబోతూ, "మరి నా పది కుండలు?" అని గొణిగాడు.

"తమరే ఉంచుకోండి. వసారా ఎలాగూ తడిసింది, అలికించేయండి!"