ముల్లు లేచేదాకా

సుంకన్న ఇంటి వెనక ఈతకొలను కట్టాడు. కట్టడమైతే కట్టాడు గానీ, అందులో నీళ్లు మాత్రం తేటపడలేదు.

నంద్యాల ఊరి చివర, వేరుశనగ నూనె మిల్లును తమ్ముడికి అప్పజెప్పి ఇంటిపట్టున ఉంటున్న మనిషి సుంకన్న. ఆ పేటలో సొంత కొలను ఉన్న ఇల్లు మరొకటి లేదు. అయినా అతను దాన్ని సరదాకు కట్టలేదు. అతని భార్య సుబ్బరత్నమ్మ చీకట్లో మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేస్తే ఎముక అతుక్కుంది గానీ, కాలు బిగుసుకుపోతూ వచ్చింది. ఛాతీ లోతు నీళ్లలో రోజూ నడిపించండి, ఆలస్యం చేస్తే ఇక వాకరే గతి అని డాక్టరు చెప్పాడు. ఊళ్లో ఈతకొలను అంటే మగపిల్లలు కేకలేస్తూ పైనుంచి దూకే చోటు. అక్కడ ఆవిడ ఎలా నడుస్తుంది?

"మనింట్లోనే కడతా" అన్నాడు సుంకన్న.

ఆ మాట విని కాంట్రాక్టరు ఒకడు పని అడగడానికి వచ్చాడు. సుంకన్న అతనికి మజ్జిగ ఇచ్చి పంపేశాడు. మిల్లు యంత్రాలు విప్పి మళ్లీ బిగించినవాణ్ణి, నీళ్ల తొట్టి కట్టలేనా అన్నాడు. ముగ్గుపిండితో హద్దులు తనే గీశాడు. తవ్వకం జరిగినన్నాళ్లూ గొడుగేసుకుని గుంత పక్కనే నిలబడ్డాడు. మోటారు కోసం బెంగళూరు వెళ్లాడు, ఫిల్టరు కోసం హైదరాబాదు వెళ్లాడు. ఫిల్టరులో పోసే ఇసుక పలుకు ఒక్క తీరుగా లేదని లారీని వెనక్కి తిప్పాడు. పైపులకు గమ్ము పూయడం కూడా ఇంకొకరికి వదల్లేదు.

నిజం చెప్పాలంటే పని బాగా చేశాడు. మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉన్నాయి. పక్కన పట్టుకోవడానికి స్టీలు కమ్మీ ఉంది. గర్వపడే హక్కు అతనికి ఉంది. ఉన్న హక్కును బాగానే వాడుకున్నాడు కూడా. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు మోటారు చూపించేవాడు.

ఇంత చేశాక బోరు నీళ్లు నింపితే, కొలను ఇటుకలు కడిగిన తొట్టిలా తయారైంది. బోరులోంచి వచ్చే సన్నటి ఎర్రమట్టి కిందికి దిగదు, పైకి తేలదు. సుంకన్న మోటారు వేశాడు. వారం పోయింది. ఇంకో వారం పోయింది. అతను పొద్దున లేస్తే ఫిల్టరు దగ్గర, భోజనం చేస్తే ఫిల్టరు దగ్గర.

సుబ్బరత్నమ్మ వాకరు పట్టుకుని గట్టుదాకా వచ్చి తొంగి చూసేది.

"మొదటి మెట్టే కనపడదు. కనపడని చోట కాలు పెట్టను. ఒకసారి పెట్టి చూసినా కదా" అనేది. మెల్లగా వెనక్కి తిరిగేది. పోయిన నెలలో గట్టుదాకా రావడానికి అంత సేపు పట్టేది కాదు.

చివరికి సుంకన్న తన గురువు ఓబులమ్మగారి దగ్గరికి బయల్దేరాడు. కొండ కింద చిన్న ఆశ్రమం ఆవిడది. ఉపదేశాలు తక్కువ, పని ఎక్కువ. సలహా అడగడం సుంకన్నకు అలవాటు లేదు కాబట్టి, ఆశీర్వాదం అడగడానికి వెళ్లాడు.

"అమ్మా, మీరొచ్చి ఒక్కసారి పాదం పెడితే ఆ నీళ్లు తేటపడతాయి."

ఓబులమ్మ వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. అరికాలు పైకెత్తి చూసుకుంది.

"నా కాళ్లకే ఇంత దుమ్ముంది నాయనా. అయినా వస్తాలే. రత్నమ్మను చూసి ఎన్నాళ్లాయెనో" అంది.

ఆవిడ కారు దిగగానే సుంకన్న ఇంట్లోకి కాదు, సరాసరి వెనక్కి, మోటారు ఉన్న రేకుల షెడ్డులోకి తీసుకుపోయాడు.

"ఈ మోటారు చూడండమ్మా. నడుస్తాందో లేదో చెయ్యి పెడితే గాని తెలీదు. ఇది ఫిల్టరు. లోపలంతా ఇసుక. కొలనులో నీళ్లు పైనుంచి దిగుతాయి, మట్టి ఇసుకలో ఆగిపోతుంది, మంచినీళ్లు మళ్లీ కొలనులోకి పోతాయి."

"ఆగి ఆగి ఇసుక నిండా మట్టి చేరితే?" అంది ఓబులమ్మ.

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నవాడిలా సుంకన్న ముఖం వెలిగింది. ఫిల్టరు నెత్తిన గడియారంలాంటి గుండ్రటి బిళ్ల ఒకటి ఉంది. గాజు వెనక సన్నటి ముల్లు.

"దానికేనమ్మా ఇది. ఇసుకకు మట్టి పట్టేకొద్దీ లోపల ఒత్తిడి పెరిగి ముల్లు లేస్తుంది. ఇదిగో, ఈ ఎర్రగీతను తాకితే అప్పుడు ఈ పిడి తిప్పాలి. నీళ్లు కిందనుంచి పైకి ఎదురెక్కి ఇసుకను కడిగేసి, ఆ మట్టినంతా బయట కాలవలో పారేస్తాయి. ముల్లు లేవకముందే కడగకూడదు. అప్పుడే కడిగిన ఇసుకలో సన్నమట్టి ఆగదు, జారిపోతుంది. కాస్త మట్టి పట్టిన ఇసుకే సన్నమట్టిని పట్టుకుంటుంది. ఈ సంగతి చానా మందికి తెలీదమ్మా."

అని చెబుతూనే మోటారు ఆపాడు. పిడి తిప్పాడు. మళ్లీ మోటారు వేశాడు. ఎర్రటి నీళ్లు బుసబుసమంటూ కాలవలోకి పోయాయి. కొలను నీళ్లు జానెడు తగ్గాయి. మోటారు ఆపి, పిడిని మళ్లీ వెనక్కి తిప్పి మోటారు వేసి, తగ్గినంతా నింపడానికి బోరు కూడా వేశాడు. బోరు పైపులోంచి సన్నమట్టి కలిసిన నీళ్లు కొలనులో పడ్డాయి.

ఓబులమ్మ ముల్లువంక చూసింది. అది అడుగున ఉన్నది ఉన్నట్టే ఉంది.

"పొద్దున గూడా కడిగితివా?"

"కడిగితినమ్మా. సాయంత్రం మళ్లీ కడుగుతా. నేను దేంట్లోనూ అశ్రద్ధ చేసేవాణ్ణి కాదు."

"ఈ ముల్లు ఎర్రగీతను తాకేది ఎప్పుడన్నా చూసినావా?"

"నేనుండగా అందాకా రానిస్తానా అమ్మా?" అన్నాడు సుంకన్న.

ఓబులమ్మ నవ్వలేదు. మోటారు మీద అరచెయ్యి వేసి చూసింది. ఫిల్టరును చుట్టూ తిరిగి చూసింది. "మంచి సామాన్లే తెచ్చినావు సుంకన్నా" అంది. సుంకన్న ఛాతీ ఒక అంగుళం పొంగింది.

"ఒక కుర్చీ తెప్పించు" అంది.

అతను వేపచెట్టు నీడన గాలి వచ్చే చోట కుర్చీ వేయించాడు. ఆవిడ దాన్ని రెండు చేతులతో లాక్కుంటూ షెడ్డులోకి పట్టుకొచ్చి, ఫిల్టరు ముందు ఇరికించుకుని కూర్చుంది. ముల్లు ఆవిడ కంటి ఎదురుగా ఉంది. పిడి మీద చెయ్యి వేయాలంటే ఆవిడను లేపాలి.

"ఇక్కడ రేకుల సెగమ్మా."

"ముల్లు లేస్తే పిలుస్తా. నువ్వు పో."

మధ్యాహ్నం దాకా సుంకన్న ఎలాగో ఓర్చుకున్నాడు. తర్వాత షెడ్డు గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఒక్కసారి ఆ పిడి..." అన్నాడు.

"లేచిందా?"

సుంకన్న మెడ సాచి చూశాడు. "లేదమ్మా."

"అయితే పోయి రత్నమ్మ కాలికి నూనె రాయి."

గురువు చెప్పాక కాదనడం ఎలా? లోపలికి వెళ్లాడు. నూనె ఎక్కడుందో అతనికి తెలియలేదు. నూనె మిల్లు నడిపిన మనిషి ఇంట్లో నూనె సీసా కోసం భార్యనే అడగాల్సి వచ్చింది. ఆవిడ తలగడ పక్క నుంచి తీసి ఇచ్చి, విచిత్రంగా చూసింది.

"నువ్వు రాస్తావా?"

"అమ్మ చెప్పింది."

తుంటి దగ్గర నుంచి మోకాలిదాకా మెల్లగా రాశాడు. ఒకచోట చెయ్యి పడగానే సుబ్బరత్నమ్మ పళ్లు బిగించింది. కాలు మడవబోతే సగంలోనే ఆగిపోయింది. సుంకన్న ఉలిక్కిపడ్డాడు.

"ఇంతగా బిగుసుకుందా? నాతో చెప్పలేదే."

"నువ్వు మోటారు కాడుంటివి కదా" అంది ఆవిడ. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్న సంగతి చెప్పిందంతే.

ఆవిడే మళ్లీ అంది. "భయమేస్తాందయ్యా. నీళ్లంటే కాదు. నువ్వు ఇంత చేసి పెడితివి. ఊరందరికీ చెప్పుకుంటివి. రేపు దిగినాక నేను నడవలేకపోతే? నీ కష్టమంతా నా వల్ల పాడైపాయె అనుకుంటావేమోనని."

సుంకన్న తన కొలను గురించి ఎంతమందితో ఎన్ని మాటలు మాట్లాడాడో. ఈవిడతో మాత్రం మాట్లాడలేదు. తలొంచుకుని, ఆ కాలు తన ఒళ్లో పెట్టుకుని, నొప్పి ఉన్న చోటు చుట్టూ నూనె రాస్తూ ఉండిపోయాడు. అతనికి సిగ్గేసింది.

అయినా అలవాటు ఊరుకోదు. సాయంత్రం కాగానే కాళ్లు షెడ్డువైపే నడిచాయి. ఓబులమ్మ జపమాల తిప్పుకుంటోంది. ముల్లు వెంట్రుకవాసి పైకి కదిలింది.

"కదిలిందమ్మా" అన్నాడు.

"గీతను తాకిందా?"

"తాకలేదు. అయినా రాత్రంతా ఇట్లే వదిలేస్తే..."

"నీ సామాను మీద నీకే నమ్మకం లేదా?"

సుంకన్నకు రోషం వచ్చింది. "అదేం మాటమ్మా. ఇంతకంటే మంచి ఫిల్టరు ఎక్కడా దొరకదు."

"అయితే నాకొక చాప తెప్పించు" అంది ఆవిడ.

ఆ రాత్రి ఓబులమ్మ షెడ్డులోనే పడుకుంది. మర్నాడూ ఆశ్రమానికి పోలేదు. ఆవిడకు కావలసిన రాగిసంకటి ముద్ద అక్కడికే వెళ్లింది. సుంకన్న ఎప్పుడు గుమ్మంలోకి వచ్చినా ఆవిడ ఒకటే అడిగేది, అతను ఒకటే చెప్పేవాడు. ఆ తర్వాత వెనక్కి వెళ్లి భార్య పక్కన కూర్చునేవాడు. రెండో రోజుకు నూనె సీసా ఎక్కడుందో అతను అడగలేదు. సుబ్బరత్నమ్మ కాలు ఎక్కడిదాకా మడుస్తుందో, ఎక్కడ ఊపిరి బిగబడుతుందో అతని చేతులకు తెలిసిపోయింది. ఒకసారి ఆవిడ ఏదో చెప్పి నవ్వించింది కూడా. ఆ పూట అతను షెడ్డువైపు వెళ్లడమే మరిచిపోయాడు.

మూడో పొద్దున సుంకన్న పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని గట్టు మీదికి వచ్చి, అక్కడే ఆగిపోయాడు.

మొదటి మెట్టు కనబడుతోంది. రెండోది కనబడుతోంది. తను ఏరి ఏరి తెచ్చిన లేతనీలం టైల్సు, వాటి మధ్య తెల్లటి గీతలు, ఆ చివర అడుగున నీళ్లు పీల్చే జాలీ, దాని కన్నాలు కూడా కనబడుతున్నాయి. జాలీ పక్కన ఒక స్పానరు పడి ఉంది. ఎవరో ఎత్తుకుపోయారని అతను ప్లంబరును తిట్టి పంపిన స్పానరు.

షెడ్డులోకి వెళ్లి చూశాడు. ముల్లు సగానికి వచ్చింది. గీత ఇంకా దూరంలోనే ఉంది. ఓబులమ్మ చాప చుట్టి గోడకు ఆనించి, కుర్చీని బయట పెట్టుకుంటోంది. సుంకన్న చెయ్యి పిడివైపు పోలేదు.

ఇంట్లోకి వెళ్లి, "రత్నా, రా. అడుగు కనపడతాంది" అన్నాడు.

కాళ్లకు కసరత్తు చేయించే అమ్మాయికి ఫోను చేశారు. ఆ అమ్మాయి వచ్చి ముందు నీళ్లలోకి దిగి, రెండు చేతులూ చాచి నిలబడింది. సుబ్బరత్నమ్మ వాకరును గట్టు మీదే వదిలేసి కమ్మీ పట్టుకుంది. సుంకన్న పంచె ఎగ్గట్టి దిగబోయాడు.

"నువ్వు పైనుండు. నువ్వు పట్టుకుంటే నేను నడిచినానో లేదో నాకెట్ల తెలిసేది?" అంది ఆవిడ.

అతను ఆగిపోయాడు. ఆవిడ కిందికి చూసుకుంటూ ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి, నడుముకు వచ్చాయి, ఛాతీకి వచ్చాయి. కమ్మీ అయిపోయింది. అమ్మాయి చేతులు అందుకుంది. మొదటి నాలుగడుగులూ ఒకవైపు భుజం కుంగిపోతూ వేసింది. కొలను మధ్యకు వచ్చాక ఒక చెయ్యి వదిలింది. తర్వాత రెండో చెయ్యి కూడా వదిలింది. అమ్మాయి వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ పోతోంది, సుబ్బరత్నమ్మ నీళ్లను చేతులతో నెట్టుకుంటూ తన కాళ్ల మీద తను ముందుకు పోతోంది. అవతలి గోడను అరచేత్తో గట్టిగా చరిచింది. ఆవిడ వెనక్కి తిరిగినప్పుడు ఆ ముఖంలో ఉన్న గర్వాన్ని, పెళ్లయిన ఇన్నేళ్లలో సుంకన్న చూడలేదు.

అతని కళ్లు నిండాయి. జబ్బు మనిషి నడిచినందుకు కాదు, తన భార్య అంత దర్జాగా నిలబడినందుకు. గట్టు మీద నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

ఓబులమ్మ సంచీ భుజానికి తగిలించుకుని, పోబోతూ అతని పక్కన ఆగింది.

"ఏం చేస్తాండావు సుంకన్నా?"

సుంకన్న నీళ్లవైపు నుంచి చూపు తిప్పలేదు.

"ఏమీ చేయడం లేదమ్మా."

"బాగా చేస్తాండావు" అంది ఓబులమ్మ.