కదలని కారుకు బీమా

కొండ కింద ఊళ్లో మోటారు బళ్లు బాగుచేసే ఒక మేస్త్రీ దగ్గర ఒక పాత కారు ఉండేది. ఆ కారంటే మేస్త్రీకి ఎంత ప్రేమో, అదెక్కి కొండ దాటాలని అతని భార్యకు అంత కోరిక.

ఆమె పుట్టిందీ మెట్టిందీ ఆ ఊళ్లోనే. పుట్టింటి అరుగు మీద నిలబడినా, అత్తింటి పెరట్లో నిలబడినా ఎదురుగా అదే కొండ. దాని ఒంటి మీద ఎర్రమట్టి రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోయి మూడో మలుపు దగ్గర మాయమయ్యేది. అవతల ఏముందో వెళ్లొచ్చినవాళ్లు తలొక రకంగా చెప్పేవారు. ఒకాయన, లోయ నిండా పసుపు ఆరబోసినట్టు వలిసె పూలే అన్నాడు. ఇంకొకాయన, దారమంత సన్నగా ఒక ఏరు కనిపిస్తుందన్నాడు. అరటికాయలమ్మే అవ్వయితే, అవతల ఇంకో కొండుందమ్మా అని తేల్చేసింది. ఎవరి మాట నిజమో తన కళ్లతో చూసి తెలుసుకోవాలని ఆమెకు పావడాలు కట్టే వయసు నుంచీ ఉండేది.

కారు వాళ్లింటికి వచ్చిననాడు అది కారులా లేదు. కొండవాలులో ఒక పాత బంగళా వెనక, కోళ్లు గుడ్లు పెట్టుకునే ఇనుప గూడులా పడి ఉంటే, మేస్త్రీ దాన్ని తుక్కు కింద కొని ఎడ్లబండి మీద వేయించుకొచ్చాడు. బాగుచెయ్యడానికి పదకొండేళ్లు పట్టింది. పగలంతా ఊళ్లోవాళ్ల బళ్ల పని చేసి, పొద్దు వాలాక దీని పని పట్టేవాడు. బజారులో దొరకని భాగాలు తనే ఇనుము కాచి, సాగగొట్టి, ఆకురాయితో అరగదీసి తయారుచేసుకున్నాడు. ఇత్తడి దీపాల చట్రాలు ఆమె చింతపండుతో తోమింది. సీట్లకు తోలు ఆమే కుట్టింది. ముందు ఎడమవైపు సీటు తాను కూర్చోబోయేది కాబట్టి దానికి ఒక వరస కుట్టు ఎక్కువ వేసుకుంది. తోలుసూది వేలికి దిగి రక్తం వచ్చిన రోజున మేస్త్రీ ఆ వేలికి గుడ్డపీలిక చుడుతూ, బండి కదిలిన మొదటి ఆదివారమే నిన్ను కొండ మీది కనుమ దాటిస్తానని మాటిచ్చాడు.

బండి ఒక శుక్రవారం కదిలింది. ఇద్దరూ బజారుదాకా వెళ్లారు. జనం దుకాణాల్లోంచి బయటికి వచ్చి చూశారు. వచ్చేటప్పుడు గడ్డిబండి ఒకటి పక్కనుంచి పోతూ రాసుకుంది. మడ్‌గార్డు మీద జానెడు గీత పడింది.

మేస్త్రీ దిగి ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. గడ్డిబండివాడు క్షమించమన్నా వినిపించుకోలేదు. ఆమె లోపలే కూర్చుని అద్దంలోంచి మొగుడి మొహం చూసింది. పదకొండేళ్లలో ఆ మొహంలో అంత భయం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆదివారం వాళ్లు కనుమ దాటలేదు. ఆ ఆదివారం ఇంటికి బీమా మనిషి వచ్చాడు.

బీమా మనిషి నెమ్మదస్తుడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, జేబులో భూతద్దం. పాత కార్లకు మాత్రమే బీమా రాయడం ఆయన పని. కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, కిందికి వంగి, పడుకుని, లేచి, అప్పుడు కూర్చుని మంచినీళ్లు అడిగాడు. కొత్త కార్ల విలువ ఏటేటా పడిపోతుందని, ఇలాంటి కార్ల సంగతి వేరని విడమరిచి చెప్పాడు. వీటికి ఇరుపక్షాలూ అనుకుని ఒక విలువ కాగితం మీద రాసుకుంటారట. కారు ఏ ప్రమాదంలోనైనా పూర్తిగా పాడైతే ఆ రాసుకున్న విలువ మొత్తం చేతికొస్తుందట. అయితే రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు, తాళం వేసే షెడ్డులో ఉంచాలి, ఏడాదికి ఇన్ని మైళ్లు మించి తిరగకూడదు. మైళ్లు తగ్గించుకునేవాళ్లకు విలువ కాస్త పెంచి రాసే వీలుంది.

"అంటే, ఎంత తక్కువ కదిలితే అంత ఎక్కువ విలువన్నమాట," అన్నాడు మేస్త్రీ.

"కాగితం లెక్కన అంతేనండి," అన్నాడు బీమా మనిషి.

మేస్త్రీ సంతకం చేశాడు. సాక్షిగా ఆమె చేత కూడా చేయించారు. ఆమె గుండ్రటి అక్షరాలతో, గీత మీద తిన్నగా సంతకం పెట్టింది.

ఆ ఏటి వర్షాలు వెళ్లాక పోదామన్నాడు మేస్త్రీ. వర్షాలు వెళ్లాక, కాగితం మళ్లీ రాయించే నెల దగ్గరపడిందని ఆగమన్నాడు. షెడ్డుకు ఇనుప తలుపులొచ్చాయి. టైర్లు ఒకేచోట నిలబడి నొక్కుకుపోతున్నాయని కారును కొయ్యదిమ్మల మీదికి ఎత్తించాడు. ట్యాంకులో ఉంటే నిప్పు భయమని పెట్రోలు తీయించేశాడు. పొరుగూళ్లనుంచి చూడ్డానికి వచ్చేవాళ్లు చెయ్యి వేస్తున్నారని చుట్టూ తాడు కట్టాడు. ఏటా బీమా మనిషి వచ్చి, మైళ్ల మీటరు చూసి, పోయిన ఏడాది అంకే ఉందని మెచ్చుకుని విలువ పెంచి రాసేవాడు. మేస్త్రీ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదువుకునేవాడు. ఆమె తాడుకు ఇవతల నిలబడి తన సీటును చూసుకునేది.

ఒకసారి ఆమె కనుమ మీదుగా పోయే బస్సు ఎక్కింది. మేస్త్రీ పనిమీద పట్నం వెళ్లిన రోజు అది. టిక్కెట్టు కూడా కొని కిటికీ పక్కన కూర్చుంది. పక్కసీటులో ఎవరో ముసలాయన మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని కునుకుతున్నాడు. డ్రైవరు ఇంజను వేశాక ఆమెకు ఏమనిపించిందో లేచి, మేకపిల్లను దాటుకుని దిగిపోయింది. కనుమ అవతలిది ఒక్కసారే మొదటిసారి చూడగలం. ఆ ఒక్కసారినీ మొగుడు పక్కన లేకుండా ఖర్చు చేసుకోవడానికి ఆమెకు చేతులు రాలేదు. బస్సు మూడో మలుపు దాటేదాకా స్టాండులోనే నిలబడి చూసి ఇంటికొచ్చి వంట చేసింది.

తర్వాత కొన్నేళ్లకు దీపం చుట్టూ రంగుల వలయాలు కనపడుతున్నాయని ఆమె మేస్త్రీతో అంది. చిమ్నీ తుడవమన్నాడు అతను. గడప తగిలి పడితే చూసుకుని నడవమన్నాడు. పక్కనుంచి వచ్చే మనుషులు ఆమెకు ఉన్నట్టుండి ఎదుట మొలిచినట్టుండేవారు. కొండ కూడా అటూ ఇటూ అంచులు కోల్పోయి, మధ్యలో రోడ్డు ముక్కొకటి మిగిలింది.

తొమ్మిదో ఏడు బీమా మనిషి ఎప్పటిలాగే వచ్చాడు. భూతద్దంతో కారు అంగుళం అంగుళం చూశాడు. కొత్తగా వచ్చిన లోపాలు రాసే చోట ఏమీ రాయలేదు. మేస్త్రీ సంతకం అయ్యాక ఆమెకు కలం ఇచ్చాడు. ఆమె సంతకం గీత దాటి, కాగితం అంచుదాకా జారి, చివరి అక్షరం బల్ల మీద పడింది.

బీమా మనిషి ఆ కాగితాన్ని కాసేపు చూసి, ఫైలు మూసి, మేస్త్రీతో మెల్లగా అన్నాడు. "మీ బండిలో లోటేమీ లేదు మేస్త్రీ గారూ. అమ్మగారి కళ్లు చూపించండి."

మేస్త్రీ అప్పుడు తలెత్తి ఆమె వైపు చూశాడు. చాలాకాలం తర్వాత చూసినవాడిలా చూశాడు. ఆమె మాత్రం అతనున్నచోటుకు ఒక జానెడు పక్కగా చూసి నవ్వింది.

పట్నం డాక్టరు నీటికాసులన్నాడు, కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు తినేసే జబ్బన్నాడు. పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ, చుక్కల మందు వేస్తూ ఉండమనీ చెప్పాడు. రైలు దిగి ఇంటికి రాగానే మేస్త్రీ భోజనం కూడా చెయ్యకుండా షెడ్డు తలుపులు తీసి, తాడు కోసి, బానెట్టు ఎత్తాడు.

బండి కదల్లేదు. అంత భద్రంగా దాచిన ఇంజను లోపల పట్టేసింది. గొట్టాలు పెళుసుబారాయి. కొయ్యదిమ్మల మీద గాల్లో ఉన్నా టైర్ల రబ్బరు బీటలువారింది. బ్రేకులు తుప్పుతో అతుక్కుపోయాయి. మేస్త్రీ ఊళ్లోవాళ్ల బళ్లన్నీ వెనక్కి పంపేసి దీనిమీదే కూర్చున్నాడు. ఈసారి పగలు కూడా ఇదే పని. ఆమె పక్కన పీట వేసుకుని, మిగిలిన చూపులోంచి అతని చేతుల్ని చూస్తూ ఉండేది. మొదట రెండు చేతులూ కనపడేవి. తర్వాత ఒక చెయ్యి. ఆ తర్వాత రెంచీ మొన మీద మెరిసే వెలుగు. శీతాకాలం వచ్చేసరికి అదీ పోయింది. ఆ సంగతి ఆమె నాలుగు రోజులు చెప్పలేదు. పని తొందరలో ఉన్న మనిషి చేతులు వణుకుతాయని ఆగింది.

అయిదో రోజు ఇంజను పలికింది. మేస్త్రీ ఒక్క పరుగున వచ్చి, చూశావా అన్నాడు. విన్నాను అంది ఆమె. అతను ఆమె పక్కన నేలమీద కూలబడ్డాడు. ఇంజను అలా తిరుగుతూనే ఉంది.

మర్నాడు మేస్త్రీ కబురుపెడితే బీమా మనిషి వచ్చాడు. కనుమ ఎక్కితే ఇన్నాళ్లుగా పెరుగుతూ వచ్చిన విలువ అంతా పోతుందనీ, దారిలో ఏం జరిగినా తమకు సంబంధం ఉండదనీ చెప్పడం ఆయన ధర్మం కాబట్టి చెప్పాడు. కొట్టెయ్యమన్నాడు మేస్త్రీ. బీమా మనిషి కాగితం మీద అడ్డంగా గీత గీశాడు. ఈసారి సాక్షి సంతకం అక్కర్లేదన్నాడు. వెళ్లబోతూ ఆమె దగ్గర ఆగి, "వెళ్లి రండమ్మా," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. ఆమె తలంటుకుని, కొత్తచీర కట్టుకుని, తడుముకుంటూ తన సీట్లో కూర్చుంది. ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడే మేస్త్రీ ఆ రోజు నోరు మూయలేదు. ఇదిగో రైలుగేటు, ఇదిగో కల్వర్టు, పిట్టగోడ మీద కోతి పిల్లకు పేలు చూస్తోంది, ఈ పనసచెట్టుకు మొదలు దగ్గరే కాయలు అంటూ ప్రతిదీ చెప్పాడు. ఆమె మలుపుల్ని ఒంటితో లెక్కపెట్టుకుంది. ఒళ్లు మూడోసారి ఒరిగినప్పుడు సీటు అంచు గట్టిగా పట్టుకుంది. అక్కడినుంచి పైకి ఆమె ఎన్నడూ, దూరంనుంచైనా చూసిన దారి కాదు. రెండుచోట్ల ఇంజను వేడెక్కితే ఆపి నీళ్లు పోశారు. కారు ఆయాసపడుతూ, మూలుగుతూ ఎక్కింది.

ఒకచోట రోడ్డు చదునైంది. కిందినుంచి కాకుండా ఎదురుగా గాలి కొట్టింది. మేస్త్రీ బండి ఆపి ఇంజను కట్టేశాడు. మాటలు కూడా అక్కడే ఆగిపోయాయి.

ఆమె చాలాసేపు ఆగింది.

"ఏముంది?" అని అడిగింది చివరికి.

అతను స్టీరింగు మీదనుంచి చేతులు తీసి మళ్లీ పెట్టిన చప్పుడైంది. "మంచు," అన్నాడు. "అంతా మూసేసిందే. నాకూ ఏమీ కనపడట్లేదు."

ఎండ ఆమె చెంప మీద, మెడ మీద, ఒళ్లో పెట్టుకున్న చేతుల మీద చురుక్కుమంటోంది. తలుపు పిడి మీద చెయ్యి వేస్తే ఇత్తడి కాలింది. ఆమె మెల్లగా చెయ్యి తీసేసుకుంది.

"సరేనండీ," అంది. "విడిపోయేదాకా కూర్చుందాం."

అని, చలికి కప్పుకున్నట్టు, కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుంది.