గాజుపెట్టెకి కుదిరిన చేప

అనగనగనగా, సముద్రం చప్పుడు చెవికి ఆననంత దూరాన, కొండ కింద ఒక ఊళ్ళో నూకాలు అని ఒక కొత్త కోడలు ఉండేది. ఇటు తిరిగి పడుకో బుజ్జీ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఆఁ, చెబుతున్నా.

నూకాలు పుట్టిల్లు సముద్రం ఒడ్డున. వాళ్ళ నాన్న ఎర్రయ్య తెప్ప మీద చేపల వేటకి వెళ్ళేవాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్ల కెరటాల హోరు వింటూనే నిద్రపోయింది. పెళ్ళయి కొండ కింద ఊరికొస్తే, చుట్టూ జీడితోటలు, వెనకాల కొండ. ఎంత చెవొగ్గినా హోరు లేదు. కంటికి కునుకు లేదు. పగలంతా పని చేసేది, నవ్వేది, అందరితో బాగానే ఉండేది. మనిషి మాత్రం చిక్కి సగమైపోతోంది.

మొగుడు సన్నిబాబుది అద్దాల పని. కిటికీలకీ బీరువాలకీ అద్దాలు కోసి బిగిస్తాడు. పెళ్ళాం దిగులు కనిపెట్టాడు. మందపాటి అద్దాలు కోశాడు, అతుకులకి గమ్ము పూశాడు, ఒక పెట్టె చేశాడు. ఎంతో కాదు, మూడు నాలుగు బిందెల నీళ్ళు పట్టే పెట్టె.

"సముద్రాన్ని తేలేను గానీ, దోసెడు తేగలనే" అన్నాడు.

అన్నట్టుగానే ఆటో కట్టించుకుని వెళ్ళి, మావగారి ఊరి నుంచి డబ్బాలనిండా ఉప్పునీళ్ళు తెచ్చాడు. ఇసుక తెచ్చాడు. నాచు పట్టిన రాళ్ళు తెచ్చాడు. నీళ్ళలో బుడగలు వదిలే చిన్న మోటారు పెట్టాడు. గుడగుడా బుడగలొస్తుంటే నూకాలు మొహం చేటంత అయింది.

అప్పుడు అత్తగారు అచ్చియ్యమ్మ గుమ్మంలో నిలబడి బుగ్గలు నొక్కుకుంది. "చేపని కూరొండుకుంటారు గానీ, కూర్చోబెట్టి చూస్తారుటే? వింత కాపోతే!"

నూకాలు చేప కోసం తొందరపడలేదు. వాళ్ళ నాన్న ఉప్పునీళ్ళతో పాటు ఒక కబురు పంపాడు, ఆ మాట మనసులో పెట్టుకుంది. ఏమనీ? "తల్లీ, అప్పుడే చేపని వెయ్యకు. కొత్త నీళ్ళు కొత్త కోడలు లాంటివి. కుదురుకోవాలి" అని.

సరే, ఆగింది. మొదట నీళ్ళు గంజిలా మసకబారాయి. ఆ తర్వాత రాళ్ళ మీద మట్టిరంగు జిగురు పట్టింది. ఆ తర్వాత ఆ జిగురు పోయి, పచ్చటి నాచు మొలిచి, నీళ్ళు అద్దంలా తేటపడ్డాయి. అప్పుడు నూకాలు పుట్టింటికి బయల్దేరింది.

పోటు తీసి సముద్రం వెనక్కి తగ్గిన వేళ అక్కడ బండల మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచిపోతాయి. ఆ గుంటల్లో చిన్న చిన్న చేపలు చిక్కుకుపోతాయి. నూకాలు ఒంగి చూసింది. పసుప్పచ్చగా, పళ్ళెంలా పల్చగా, కంటి మీద కాటుకగీతతో ఒక సీతాకోక చేప. అబ్బ, ఎంత అందం!

"అది తిండి దగ్గర మహా పేచీకోరు తల్లీ" అన్నాడు ఎర్రయ్య.

"నేను తినిపిస్తాలే నాన్నా" అంది నూకాలు.

తెచ్చి పెట్టెలో వేసింది. ఊరంతా వచ్చి చూసింది. చేప తిరిగింది, రెక్కలాడించింది, కానీ తినలేదు. రొయ్య ముక్కలు వేస్తే మొహం తిప్పుకుంది. పీత కండ వేస్తే అటు తిరిగింది. పిండిలా నూరి వేసినా మూతి విప్పలేదు. దానికి కావలసిన తిండి సముద్రం అడుగున బతికున్న పగడాల మీద ఉంటుంది, బుజ్జీ. ఆ పగడాలు మనింట్లో ఎక్కడివి? దాని పొట్ట లోపలికి పోతుంటే నూకాలు గొంతులోకి ముద్ద దిగలేదు. ఇక ఆగలేక, నీళ్ళడబ్బాలో పెట్టుకుని, బస్సెక్కి వెళ్ళి, తీసిన చోటే వదిలేసింది. ఆ చేప బండ కిందికి దూరి వెళ్ళిపోయింది. హమ్మయ్య.

రెండోసారి నూకాలు ఏమనుకుందంటే, "అందంగా ఉన్నది వద్దు, ఆకలిగా ఉన్నది కావాలి." అలా ఒక పారచేప పిల్లని తెచ్చింది. వేలెడంత ఉంది, వెండిలా మెరుస్తోంది, ఏది వేస్తే అది గుటుక్కున మింగేస్తోంది.

"ఇది ఎదిగితే నా చెయ్యంత అవుతుంది" అని తండ్రి అంటూనే ఉన్నాడు. "ఎదిగినప్పుడు చూద్దాంలే" అని కూతురు వచ్చేసింది.

అది ఎదిగేదాకా ఆగిందా? ఆగలేదు. పారచేప పరుగులు పెట్టే చేప. ఇటు గోడ నుంచి అటు గోడకి ఒక్క ఊపు. మళ్ళీ ఇటు. మూతి అద్దానికి కొట్టుకుని ఎర్రబడింది. ఆ తర్వాత ఒకనాడు తెల్లారి నూకాలు లేచి చూసేసరికి పెట్టెలో చేప లేదు. పైకి ఎగిరి, బయట పడి, గచ్చు మీద బిర్రబిగిసి ఉంది.

నూకాలు అక్కడే చతికిలబడి ఏడ్చింది. కడుపులో ఎప్పటినుంచో ఉన్న ఏడుపంతా అప్పుడే వచ్చింది.

అచ్చియ్యమ్మ వచ్చి చూసింది. ఏమంటుందో అని నూకాలు భయపడింది. ఆవిడ చేపని అరిటాకులో చుట్టింది. కూరకి కాదమ్మా, పెరట్లోకి తీసుకెళ్ళి కరివేపాకు మొక్క మొదట్లో గొయ్యి తీసి పాతిపెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"దాని తప్పూ లేదు, నీ తప్పూ లేదు. దాని ఊరు పెద్దది, అంతే. నేనొచ్చిన కొత్తలో నేనూ ఈ గోడలకి ఇలాగే కొట్టుకున్నాను" అంది. కొంగుతో కోడలి కళ్ళు తుడిచి, "అయినా సంబంధం చూసేటప్పుడు అందం చూస్తే సరా? ఆకలి చూస్తే సరా? ఈసారి నేనూ వస్తాను పద" అంది.

అలా అత్తాకోడళ్ళు ఇద్దరూ బస్సెక్కారు. ఊరి చివర సరుగుడు తోట దాటగానే ఎదురుగా సముద్రం. అచ్చియ్యమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. అరవయ్యేళ్ళొచ్చినా ఆవిడ సముద్రం చూడటం అదే మొదలు. కొంగు గాలికి ఎగిరిపోతున్నా సర్దుకోలేదు.

"ఇన్ని నీళ్ళు వదులుకుని మా ఇంటికొచ్చావుటే నువ్వు?"

నూకాలు తల దించుకుంది. అచ్చియ్యమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని బండల మీదికి దిగింది.

ఎర్రయ్య గుంటలు చూపించాడు. అచ్చియ్యమ్మ గొంతుక్కూర్చుని పెళ్ళిచూపులు మొదలుపెట్టింది.

మొదటి గుంటలో నీలిమణిలాంటి చేప ఉంది, చిన్నదే. నూకాలుకి ప్రాణం లేచొచ్చింది. అయితే అచ్చియ్యమ్మ కాసేపు కదలకుండా చూసింది. ఆ నీలిది తన రాయి దగ్గరికి ఎవరొచ్చినా తరిమి తరిమి కొరుకుతోంది.

"అమ్మో, ఇది తోడికోడళ్ళని బతకనివ్వదు. వద్దు."

రెండో గుంటలో ఒక గుండ్రటి చేప. పుల్లతో కదిపితే బంతిలా ఉబ్బిపోయింది.

"తమ్ముడూ, ఇది ఎంతవుతుంది?"

"కొబ్బరికాయంత అవుతుందక్కా. పళ్ళతో గుల్లలు కూడా కొరికేస్తుంది."

"మా ఇల్లు చాలదు. వద్దు."

మూడో గుంటలో ఏమీ లేదనుకున్నారు. బాగా చూస్తే, రాయి మీద రాయిరంగులోనే ఒక చేప కూర్చుని ఉంది. అవును, కూర్చునే ఉంది, పొట్టకింది రెక్కల మీద. చిటికెన వేలంత. బూడిదరంగు, మీద చుక్కలు, తల మీద రెండు కప్పకళ్ళు. ఆ కళ్ళు గుండ్రంగా తిప్పి అచ్చియ్యమ్మని చూసింది.

"ఇది ఎంత పెరుగుతుంది?"

"ఇంతేనక్కా. ఇదే పెద్దది."

"ఏం తింటుంది?"

నూకాలు రొయ్య తునక వేసింది. గభాల్న వచ్చి అందుకుని, మళ్ళీ రాయి మీదికెక్కి కూర్చుంది.

"కొట్లాట బుద్ధి ఉందా?"

ఎర్రయ్య నవ్వాడు. "తన బొరియ తనకుంటే దాని గొడవ దానిదేనక్కా. గుంటలో నీళ్ళు ఎండకి కాగినా, వానకి చప్పబడినా తట్టుకుంటుంది. గట్టి ప్రాణం."

"రంగు లేదు అత్తా" అంది నూకాలు నెమ్మదిగా.

"కళ్ళు చూడవే, ఎంత కళగా ఉన్నాయో. సంబంధం కుదిరింది" అంది అచ్చియ్యమ్మ.

ఇంటికి తెచ్చాక ఒక్కసారిగా పెట్టెలో పోయలేదు. డబ్బాని పెట్టెలో తేలేసి, కాసిని కాసిని నీళ్ళు కలుపుతూ, కొత్త నీళ్ళు ఒంటికి పట్టాక వదిలారు. సన్నిబాబు పెట్టె మీద సన్నటి వల బిగించాడు, మళ్ళీ ఎగరకుండా. నీళ్ళు ఆవిరై తగ్గినప్పుడల్లా నూకాలు చప్పటి బావినీళ్ళే పోసేది. నీళ్ళు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు కదా, ఇంకా ఉప్పునీళ్ళే పోస్తే చేప నోరు పొక్కిపోదూ?

కానీ బుజ్జీ, వదిలిన వెంటనే ఆ చేప రాతి సందులోకి దూరిందా, మళ్ళీ బయటికి రాలేదు. తెల్లారింది, పొద్దుగూకింది, మళ్ళీ తెల్లారింది. వేసిన తునక వేసినట్టే ఉంది. పాడవకుండా నూకాలు తీసేస్తోంది, మళ్ళీ వేస్తోంది.

"దాన్ని తెచ్చి తప్పు చేశానేమో అత్తా?"

"కొత్తచోటు కదే, సిగ్గుపడుతోంది. ఎదురుగా కూర్చుని మిటకరించకు" అంది అచ్చియ్యమ్మ. అంటూనే తనూ చాప వేసుకుని అక్కడే కూర్చుంది, చింతపండు ఈనెలు తీస్తూ, ఓరకంట చూస్తూ.

అలా ఉండగా రాతి సందులోంచి ఒక కన్ను కనిపించింది. ఆ తర్వాత ఇంకో కన్ను. ఆ తర్వాత మొత్తం చేప మెల్లగా పాకుతూ వచ్చింది. తునక దగ్గర ఆగింది. అత్తాకోడళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టారు. గుటుక్!

"తిన్నదే నా తల్లీ!" అని అచ్చియ్యమ్మ చింతపండు చేత్తోనే కోడలిని కావలించుకుంది.

ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు వచ్చి, "ఇంకో నాలుగు చేపలు వెయ్యరాదా, ఎర్రవీ పచ్చవీ?" అనేవారు. అచ్చియ్యమ్మ ఒప్పుకునేది కాదు. "మా ఇల్లు చిన్నది. చుట్టాలు చూసి వెళ్ళొచ్చు గానీ ఉండిపోకూడదు" అనేది. చేప మాత్రం రాయెక్కి కూర్చుని, వచ్చినవాళ్ళందర్నీ కళ్ళు తిప్పి చూసేది.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ. మోటారు గుడగుడమంటోంది. చేప ఇసుక తోడి బొరియ శుభ్రం చేసుకుంటోంది. దాన్నే చూస్తూ చూస్తూ నూకాలు అత్తగారి ఒళ్ళోకి ఒరిగి, అలాగే నిద్రపోయింది. గాఢంగా, నోరు తెరుచుకుని, చంటిపిల్లలా.

సన్నిబాబు పని నుంచి వచ్చి, "అమ్మా, అన్నం" అన్నాడు.

అచ్చియ్యమ్మ మూతి మీద వేలేసుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కినా కదలలేదు. "ఉష్, నువ్వే వడ్డించుకోరా. నా కూతురు పడుకుంది."

కెరటం ఒడ్డుకి,
చేపపిల్ల గూటికి,
నిద్దర కంటికి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి.