కోవాక్ గారి ఇంటి చూరు

కమాండర్ ప్రూయిట్ ఐదు నెలలుగా ఒక ఇంటికి వెళ్ళలేకపోతున్నాడు.

ఆ ఇల్లు ఒహాయోలో ఉంది. అక్కడ మేగన్ ఓల్సన్ తల్లి ఉంటోంది. మేగన్ అతని దళంలో పైలట్. ఒక ఉదయం విమానవాహక నౌక మీద నుంచి బయలుదేరమని ఆమెకు చెప్పింది ప్రూయిటే. ఇంజన్ ఆగి విమానం సముద్రంలో పడింది. పొగమంచులో ఆమె ఎక్కడ పడిందో ఎవరూ కనిపెట్టలేకపోయారు. విచారణ జరిపి, కమాండర్ తప్పేమీ లేదని తేల్చారు.

ఒకసారి వచ్చి వెళ్ళమని ఆ తల్లి ఉత్తరం రాసింది. అతను జవాబివ్వలేదు.

చివరికి వర్జీనియాలో ఉంటున్న తన గురువు దగ్గరికి వెళ్ళాడు. రిటైరైన అడ్మిరల్ రాస్ ట్రెన్‌హోమ్. ముప్పై నాలుగేళ్ళు నౌకాదళంలో పనిచేసిన మనిషి. విమానంతో ఓడ మీద వెయ్యిసార్లకు పైగా దిగినవాడు. దళాన్ని నడిపాడు, ఓడను నడిపాడు, చివరికి ఓడల గుంపునే నడిపాడు. ప్రూయిట్ కుర్ర పైలట్‌గా చేరింది ఆయన ఓడలోనే.

"తప్పు నాది కాదని కాగితం ఇచ్చారు సర్. ఆ కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరికి ఎలా వెళ్ళను? వెళ్ళి ఏం చెప్పను?"

ట్రెన్‌హోమ్ లేచి షెడ్డులోంచి నిచ్చెన తెచ్చి ట్రక్కులో వేశాడు.

"రా. కాస్త పనుంది."

గంట ప్రయాణం తర్వాత ఒక చిన్న పెంకుటింటి ముందు ఆగారు. ఎనభై దాటిన ముసలావిడ, ఐరీన్ కోవాక్, తలుపు తీసింది.

"ఈసారి ఆలస్యం చేశావేం, రాస్? వాన పడితే నీళ్ళు ఇంట్లోకి వస్తున్నాయి."

"మోకాలు నొప్పి, ఐరీన్ గారూ. ఇవాళ నిచ్చెన పట్టుకోడానికి మనిషిని తెచ్చుకున్నాను."

అడ్మిరల్ నిచ్చెన ఎక్కి, చూరు వెంట వాననీళ్ళు పోయే కాలువలో పేరుకున్న ఆకుల్ని చేత్తో తీసి కింద పడేశాడు. ప్రూయిట్ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. కుళ్ళిన ఆకులు అతని భుజాల మీద పడ్డాయి.

పనయ్యాక ఆవిడ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. గోడ మీద పైలట్ దుస్తుల్లో నవ్వుతున్న ఒక యువకుడి ఫోటో ఉంది. ప్రూయిట్ దాన్ని చూడడం ఆవిడ గమనించింది.

"మా పీటర్. వాడు పోయి ఇరవై నాలుగేళ్ళయింది. ఆ రోజు వాణ్ణి ఎగరమన్నది ఇతనే. చెప్పలేదా నీకు?"

ప్రూయిట్ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"ఇంకొంచెం పొయ్యనా, రాస్?" అందావిడ.

"పొయ్యండి," అన్నాడు ట్రెన్‌హోమ్.

తిరుగుదారిలో ప్రూయిట్ అడిగాడు.

"విచారణలో ఏం తేల్చారు సర్?"

"నా తప్పు లేదన్నారు."

"మరి మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడతో ఏం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదు. నా మొహం చూసి తలుపు వేసేసింది. తర్వాతి నెల మళ్ళీ వెళ్ళాను. అప్పుడూ వేసేసింది."

"ఎన్నాళ్ళు అలా?"

"రెండేళ్ళు."

ట్రెన్‌హోమ్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఏం చెప్పాలో తెలిశాక వెళ్దామనుకుంటే, ప్రూయిట్, నేను ఈ రోజుకీ వెళ్ళి ఉండేవాణ్ణి కాదు."

ఆ శనివారం పొద్దున ఒహాయోలో ఒక ఇంటి ముందు ప్రూయిట్ కారు ఆపాడు. గంట నొక్కి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లోపలి నుంచి అడుగుల చప్పుడు వినిపించింది.