ఒకే చెక్కకి రెండు గడియారాలు

అనగనగనగా, ఏడు వాగుల అవతల ఒక ఊళ్ళో గడియారాలు చేసే ఇల్లొకటి ఉండేది. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొడితేనే గడియారం నడుస్తుంది.

ఆ ఇంటి గడియారాలు మన గోడ మీది దానిలా గుండ్రంగా, అంకెలు వేసుకుని ఉండేవి కావు. పెద్దకోడలు పేరిందేవి చేసింది అచ్చం మజ్జిగ కుండే. కవ్వం అటూ ఇటూ ఊగుతూ ఉంటే, చెక్క వెన్నముద్ద గంటకో వేలెడు పైకి తేలి, మిట్టమధ్యాహ్నానికి కుండ అంచు తాకేది. ఊరి ఆడవాళ్ళు దాని ముందు నిలబడి పొయ్యి మీద కూర మాడబెట్టుకునేవాళ్ళు. పనింట్లో ఉన్నది ఒకే కిటికీ. ఆ వెలుగులో పీట వేసుకుని కూర్చునేది పేరిందేవే. ఆ పీట ఎవరిదో పెత్తనం వాళ్ళదన్నమాట.

ఇంతలో చిన్నకోడలు నాంచారి కాపురానికొచ్చింది. మూల చీకట్లో కూర్చునే మల్లెపందిరి గడియారం చేసింది. దానికి ముల్లు లేదు, అంకె లేదు. గంటకో చెక్కమొగ్గ విచ్చుకునేది. పన్నెండయ్యేసరికి పందిరంతా పువ్వులే! అది చూసినవాళ్ళు వాసన కూడా వస్తోందనేవాళ్ళు. రంగు పూసిన చెక్కకి వాసనేమిటి, వాళ్ళ పిచ్చి గానీ.

ఇక పేరిందేవికి నాంచారి నడక చూస్తే కుళ్ళు, నవ్వు చూస్తే కుళ్ళు, నీళ్ళు తోడుతున్నా కుళ్ళు, నిద్రపోతున్నా కుళ్ళు. ఊ కొడుతున్నారా?

అంతలో రాణిగారు తన గదికో గడియారం కావాలని కబురు పెట్టింది. రాణిగారికి ఎవరిది నచ్చితే కిటికీ పీట వాళ్ళదేనని అత్తగారు అలివేలమ్మ తేల్చి చెప్పేసింది. ఆ మాట విన్న పేరిందేవి కిటికీ వైపు చూసింది. ఆ వెలుగు పోతే తనకింక ఏముంది?

ఏం చేసిందో తెలుసా? గడియారాలు బండెక్కించేటప్పుడు, ఎవరూ చూడకుండా నాంచారి గడియారంలో అటూ ఇటూ ఊగే లోలకం కింద మినపగింజంత మైనం అంటించింది. అడుగున బరువు పెరిగితే ఊపు మందగిస్తుంది, గడియారం వెనకబడుతుంది. అది ఆ పని చేసేవాళ్ళకే తెలిసిన దొంగ కిటుకు.

కోటలో రాణిగారు రెండింటినీ ఒకే పలచటి చెక్కకి పక్కపక్కనే తగిలించింది. మూడో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలే వేళకి ఏది సరిగ్గా ఉంటే అదే తనదంది.

మూడో రోజు తోడికోడళ్ళిద్దరూ చూస్తుండగా ఫిరంగి పేలింది. మల్లెపందిరికి పదకొండే పువ్వులు, ఒకటింకా మొగ్గే. పేరిందేవి లోపల్లోపల మురిసిపోయి తన కుండ వైపు తిరిగింది. వెన్నముద్ద అంచు తాకలేదు! అదీ అంతే వెనకబడింది.

నాంచారి ఆ చెక్క మీద అరచెయ్యి ఆనించి, ఒకదాని అదురు చెక్కలోంచి రెండోదానికి పాకిందనీ, ఒకటి కుంటితే పక్కది కూడా కుంటుతుందనీ చెప్పింది. తన గడియారం లోలకం తిప్పి చూసింది. మైనం కనిపించింది. ఒక్క క్షణం అక్క వైపు చూసి, తానే మెరుగుపెడుతూ మైనం తుడవడం మర్చిపోయానని రాణిగారికి చెప్పేసింది.

తప్పు మల్లెపందిరిదే గనక కుండ గడియారం కోటలో ఉండిపోయింది. కిటికీ పీట పేరిందేవికే దక్కింది.

దక్కితే? మర్నాడు పొద్దున్నే ఆ వెలుగులో కూర్చుని ఉలి పట్టిందే గానీ, కళ్ళు మూలకే పోయాయి. మూల చీకట్లో నాంచారి కళ్ళు చికిలించుకుని మొగ్గలు చెక్కుతోంది. పేరిందేవి లేచి వెళ్ళి అత్తగారి ముందే నాంచారి పక్కన కూలబడింది.

"ఆ మైనం నేనే పెట్టాను, నాంచారీ."

"తెలుసక్కా. దాని మీద నీ బొటనవేలి గుర్తుంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నిన్ను పుట్టింటికి పంపేస్తారు. నువ్వు లేకపోతే ఎవర్ని చూసి కుళ్ళుకుంటూ పని చెయ్యను? నీ కవ్వం ఊగడం చూసి నాకెన్ని రాత్రులు నిద్ర పట్టలేదో నీకేం తెలుసు?"

పేరిందేవి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. కోటకి వెళ్ళి రాణిగారితో ఉన్నదున్నట్టు చెప్పేసింది. రాణిగారు నాలుగు చివాట్లు పెట్టి, మల్లెపందిరిని కూడా తెప్పించుకుని, ఈసారి ఎదురు గోడకి తగిలించింది. అలివేలమ్మ తాపీమేస్త్రీని పిలిచి మూల గోడకి ఇంకో కిటికీ కొట్టించింది.

తరవాత కూడా ఒకరి పని మీదికి ఒకరు మెడ సాచి చూసుకుంటూనే ఉన్నారట. చూడండమ్మా, ఎంతైనా చూడండి. చెయ్యి మాత్రం పెట్టకండి. కథేమో కంచి బండెక్కేసింది, మనం దుప్పట్లోకి దూరదాం.